పదిమంది కాపాడుకొను రచ్చబండ

గ్రామసభ తేదీలను, పన్ను గడువులను, మంచినీటి సరఫరా వివరములను సెల్‌ఫోను ద్వారా ప్రజలకు తెలుపుట నేడు పరిపాటి అయినది. ఇట్టి ప్రకటనలు సాధారణముగా ఏదో ఒక పెద్ద కంపెనీ నెలకొల్పిన వేదికపై వెలువడుచున్నవి. ఆ వేదికకు రుసుము లేదు. కాని అది మనది కాదు. అచ్చట ఎవరి మాట ముందు వినబడవలెనో, ఎవరి ఖాతా నిలువవలెనో నిర్ణయించువారు దాని యజమానులే.

ఇందుకు నిదర్శనములు కలవు. మన దేశమున యువజనులు విరివిగా వాడిన ఆర్కుట్‌ను గూగుల్ సంస్థ 2014 సెప్టెంబరు 30వ తేదీన మూసివేసినది. 2022 అక్టోబరులో ట్విట్టరు 4,400 కోట్ల డాలర్లకు చేతులు మారినది. మరుసటి సంవత్సరము దాని పేరు కూడ మారినది. మూసివేతకు గాని, అమ్మకమునకు గాని వాడుకరుల సమ్మతి అవసరము కాలేదు.

ఈ పరాధీనతను తొలగింపగోరి పలువురు కృషి చేసిరి. 2010లో న్యూయార్కు విద్యార్థులు నలుగురు ప్రజల చందాలతో, సుమారు 2 లక్షల డాలర్లతో, డయాస్పోరా అను వేదికను ఆరంభించిరి. 2016లో జర్మనీ దేశమున యూజెన్ రోచ్కో అను యువకుడు మాస్టొడాన్‌ను రూపొందించెను. దీని పద్ధతిని తపాలాతో పోల్చి సులభముగా గ్రహింపవచ్చును. మన ఊరి పెట్టెలో వేసిన ఉత్తరమును జర్మనీ తపాలావారు అచ్చటి ఇంటికి చేర్చుదురు. రెండు శాఖలకు యజమానులు వేరు. ఉత్తరములు మార్చుకొను నిబంధన ఒక్కటే. అట్లే మాస్టొడాన్ ఒకే కంపెనీ కంప్యూటర్లలో లేదు. పెక్కు సంస్థలు, సంఘములు, వ్యక్తులు తమ తమ సర్వర్లను నడుపుచున్నారు. ఒక సర్వరులోని సభ్యుడు వ్రాసిన వార్త, అతనిని అనుసరించువారున్న ఇతర సర్వర్లకు తానే చేరును. ఈ మార్పిడికి ఆధారమైన యాక్టివిటీపబ్ అను నిబంధనావళిని వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2018 జనవరిలో ఆమోదించినది.

మాస్టొడాన్ ప్రోగ్రాము పాఠము బహిరంగము. ఎవరైనను దానిని చదువవచ్చును, సవరింపవచ్చును, ఉచితముగా వాడవచ్చును. సవరించి ప్రజలకు వినియోగమునకు ఇచ్చువారు మాత్రము ఆ సవరణలను కూడ వారికి అందుబాటులో ఉంచవలెను. ప్రతి సర్వరుకు స్వంత నియమములుండును. దుర్భాషలను సహించు సర్వరుతో తక్కినవి పొత్తు తెంచుకొనవచ్చును.

అయితే స్వాతంత్ర్యముతోపాటు బాధ్యతయు వచ్చును. బావి త్రవ్వుట ఒక ఎత్తు, ఏటేట పూడిక తీయించుట మరియొక ఎత్తు. ఐరోపా సమాఖ్య సంస్థల కొరకు 2022 ఏప్రిల్‌లో ప్రయోగాత్మకముగా ప్రారంభమైన మాస్టొడాన్ సర్వరు, దాని నిర్వహణను స్వీకరించు మరియొక సంస్థ ముందునకు రానందున, 2024 మేలో మూతపడినది. నెదర్లాండ్స్ ప్రభుత్వము మాత్రము 2023లో తన శాఖల కొరకు స్వంత సర్వరును నెలకొల్పినది. సభ్యుడు ఒక సర్వరు నుండి మరియొకదానికి మారినచో అనుసరించువారు వెంట వత్తురు; పాత వ్రాతలు మాత్రము రావు. ఈ లోపమును కూడ గుర్తుంచుకొనవలెను.

ప్రతి గ్రామము ఒక సర్వరును పెట్టనక్కరలేదు. పలు గ్రామములు కలసి ఒకదానిని పోషింపవచ్చును. కాని ఏ వేదికలో చేరుటకైనను ముందు పంచాయతీ సభ్యులు నాలుగు ప్రశ్నలు వేయవలెను: ఖర్చు ఎవరు భరింతురు? తాళము ఎవరి చేతిలో ఉండును? ఫిర్యాదులు ఎవరు విందురు? నకలు ఎచ్చట భద్రపరతురు? వేదిక ఏదైనను ప్రతి ప్రకటన ప్రతిని పంచాయతీ రికార్డులలో ఉంచుట తప్పనిసరి. ఆ వేదిక రేపు మూతపడినను గ్రామము మాట గ్రామము చేతిలోనే నిలుచును.