చెరువంచు తుంగ లెక్కలు

మొదటి లెక్క 3. వరంగల్‌లో ఏ చెరువు దగ్గరికైనా వెళ్లి, నీటి అంచున గడ్డిలా కనిపించే కాడనొకటి తెంపండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లించండి. సాఫీగా దొర్లితే అది గడ్డి. అంచులు వేళ్లకు తగిలితే తుంగ. బ్లేడుతో అడ్డంగా కోసి చూస్తే మూడు మూలలు స్పష్టంగా కనిపిస్తాయి. వరి గడ్డిలా లోపల బోలుగా ఉండదు, తెల్లటి బెండు నిండి ఉంటుంది. కణుపులూ ఉండవు. వరి ఆకులు కాడకు అటొకటి ఇటొకటి వస్తాయి. తుంగ ఆకులు 120 డిగ్రీల ఎడంతో మూడు వరసల్లో వస్తాయి. నారుమడిలో తుంగ మొలకను వరి పోచ నుంచి వేరు చేయడానికి ఇంతకన్నా సులువైన గుర్తు లేదు.

కాకపోతే ఈ వేళ్ల పరీక్షకు లొంగని తుంగలూ ఉన్నాయి. నీళ్లలోనే నిలబడే కొన్ని రకాల కాడలు గుండ్రంగా ఉంటాయి. అందుకే వేళ్లతో పాటు కణుపులు కూడా చూడాలి. ఇక గోధుమరంగు కండెలు నిలబెట్టుకొని మనిషిని మించి పెరిగే జమ్మును కూడా చాలామంది తుంగ కిందే జమకడతారు. దాని కుటుంబమే వేరు.

తుంగ కుటుంబంలో ప్రపంచవ్యాప్తంగా సుమారు 5,500 జాతులున్నాయి. అందులో 2,000 దాకా చలి దేశాలను ఇష్టపడే కేరెక్స్ ప్రజాతివే. మన చెరువుల దగ్గర రాజ్యం సైపరస్‌ది. ఈజిప్టువాళ్లు రాతకు వాడుకున్న పపైరస్ కూడా ఈ ప్రజాతిదే, మన పొలం గట్టు మీది తుంగకు దగ్గరి చుట్టం.

ఇంత పెద్ద కుటుంబానికి కాకతీయుల నాటి చెరువులు ఎందుకంత నచ్చాయో తెలియాలంటే చెరువు వాలు లెక్క చూడాలి. వరంగల్ ప్రాంతంలో ఏటా కురిసే వాన వెయ్యి మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడుతుంది. వానాకాలంలో మత్తడి దుంకిన చెరువు ఎండాకాలానికి మధ్యలో మడుగుగా మిగులుతుంది. కట్ట వైపు లోతు ఎక్కువ, ఎదురుగా ఉన్న శిఖం (చెరువు నిండినప్పుడు మునిగే నేల) వైపు దాదాపు చదునుగా ఉంటుంది. అక్కడ వంద అడుగులకు అర అడుగు వాలు ఉందనుకోండి, నీటిమట్టం ఒక్క అడుగు తగ్గితే నీటి అంచు 200 అడుగులు వెనక్కి జరుగుతుంది. అంటే ఈ నెల నీళ్లలో ఉన్న నేల పై నెలకు బురద, ఆ పైనెలకు బీటలు వారిన మట్టి. ఈ కదిలే అంచే తుంగల ఇలాకా.

అక్కడ బతకడం అనుకున్నంత తేలిక కాదు. నీటిలో ఆక్సిజన్ గాలిలో కన్నా సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది. నీళ్లు నిలిచిన మట్టిలో ఉన్న కాస్త గాలినీ సూక్ష్మజీవులు ఒకటి రెండు రోజుల్లో ఖర్చు చేసేస్తాయి. పత్తి, మిర్చి లాంటి మెట్ట పంటల వేర్లకు ఊపిరాడక మొక్క వడలిపోయేది ఇందుకే. చెరువు తుంగల కాడలో, వేరులో సన్నటి గాలి గదులు ఉంటాయి. నీటిపైన ఉన్న కాడ నుంచి బురదలోని వేరు కొస దాకా గాలి వాటి గుండానే చేరుతుంది.

కదిలే అంచును తుంగలు తలా ఒక చోట పంచుకుంటాయి. ఏడాదిలో ఎక్కువ కాలం తడిగా ఉండే చోట, పొడుగు కాడల తుంగలు నేలలో దుంపవేళ్లు పరుచుకొని ఏళ్ల తరబడి గుంపులుగా ఉంటాయి. చాపలల్లే తుంగ ఈ కోవదే. నీళ్లు వెనక్కి తగ్గి బురద తేలిన చోట ఏకవార్షికాలు మొలుస్తాయి. వరి మళ్లలో కలుపుగా కనిపించే సైపరస్ డిఫార్మిస్, సైపరస్ ఇరియా ఇవే. వీటిది తొందర సంసారం. డిఫార్మిస్ నెలన్నర లోపే మొలిచి, పూసి, విత్తు రాల్చేయగలదు. ఒక్క మొక్క 50,000 దాకా విత్తనాలు వేయగలదు. దమ్ము చేసి నీళ్లు కట్టిన వరి మడికీ, నీరు తగ్గుతున్న చెరువు అంచుకూ ఈ మొక్క దృష్టిలో పెద్ద తేడా లేదు. చెరువు పూడిక మట్టి పొలానికి బలమే, కానీ ట్రాక్టరులో మట్టితో పాటు ఈ విత్తనాలూ ఎక్కుతాయి.

ఇక కట్ట మీదికి, చెలకల్లోకి వస్తే అక్కడుండేది అసలు తుంగ, సైపరస్ రోటుండస్. 1753లో లిన్నేయస్ పెట్టిన పేరిది. చెరువు తుంగల చుట్టమే అయినా దీనికి మామూలుగా నిలిచిన నీళ్లు పడవు, తేమ చాలు. అయితే ఫిలిప్పీన్స్‌లో వరి, ఉల్లి మార్చి మార్చి వేసే పొలాల్లో నీటికి కూడా అలవాటు పడి, మామూలు కన్నా పెద్ద గడ్డలు పెట్టే రకం ఒకటి తయారైంది.

1977లో కలుపు శాస్త్రవేత్త హోల్మ్, ఆయన సహచరులు ప్రపంచంలోని అతి చెడ్డ కలుపు మొక్కల జాబితా వేస్తే మొదటి స్థానం ఈ తుంగకే దక్కింది. 90కి పైగా దేశాల్లో, 52 పంటల్లో ఇది కలుపుగా నమోదైంది. ఇంత చేసేది విత్తనం కాదు. దీని విత్తనాల్లో మొలిచేవి బహు తక్కువ. పనంతా నేలలోని గడ్డలది. అమెరికాలో 1960ల మొదట్లో ఒక ప్రయోగం చేశారు. మూడడుగులకొకటి చొప్పున, అంటే ఎకరాకు 4,840 గడ్డలు నాటారు. ఏడాది తిరిగేసరికి లెక్క ఎకరాకు 44 లక్షల గడ్డలకు తేలింది. ఒకటికి 900.

ఒక తుంగ మొక్కను తడి నేలలోంచి జాగ్రత్తగా పెకలిస్తే సంగతి అర్థమవుతుంది. సన్నటి నల్లటి తీగ మీద గడ్డలు దండ గుచ్చినట్టు వరసగా వస్తాయి. దండ చెక్కుచెదరనంత కాలం కొస గడ్డ మాట చెల్లుతుంది, మిగతావి నిద్రపోతాయి. రొటావేటర్ తిరిగి దండ తెగిందా, తెగిన ప్రతి గడ్డా తన ఇష్టారాజ్యంగా మొలుస్తుంది. బాగా దున్నాం, అయినా తుంగ రెట్టింపైందని రైతులు వాపోయేది ఉత్త మాట కాదు. తగిలిన చోటే మాడ్చే కలుపు మందు కొడితే ఆకు మాడుతుంది, గడ్డ కదలదు. గడ్డకు చావు ఎండలోనే ఉంది. వేసవి దుక్కిలో పైకి తేలిన గడ్డ వారం నుంచి రెండు వారాలు ఎండితే మొలిచే శక్తి పోగొట్టుకుంటుంది. వరంగల్ మే నెల ఎండ ఆ పనికి సరిపోతుంది. పైగా దానికి ఖర్చు లేదు. నీడ కూడా దీనికి గిట్టదు, పైరు త్వరగా కమ్ముకుంటే తుంగ బలహీనపడుతుంది.

ఇదే గడ్డను ఎండబెట్టి తుంగముస్తలని ఆయుర్వేద దుకాణాల్లో అమ్ముతారు. ఒకటి చిదిమి వాసన చూస్తే కర్పూరం, మిరియం కలిసినట్టుంటుంది. మిరియమనడం ఊహ కాదు. ఈ గడ్డల్లో దొరికిన ఒక పదార్థానికి మొక్క పేరు మీదే రోటుండోన్ అని పేరు పెట్టారు. షిరాజ్ ద్రాక్షసారాలో మిరియం ఘాటుకు కారణం అదేనని 2008లో ఆస్ట్రేలియా పరిశోధకులు తేల్చారు, మిరియాల్లోనూ అదే ఉంది. లీటరు ఎర్ర ద్రాక్షసారాలో 16 నానోగ్రాములుంటే చాలు, చాలామంది ముక్కు పసిగడుతుంది. నానోగ్రామంటే గ్రాములో వంద కోట్లో వంతు.

అంకెల్లో నాకు అన్నిటికన్నా విచిత్రమనిపించేది పుప్పొడిది. పూల మొక్కల్లో మామూలుగా ఒక తల్లికణం చీలి నాలుగు పుప్పొడి రేణువులవుతుంది. తుంగ కుటుంబంలోనూ నాలుగు కేంద్రకాలు ఏర్పడతాయి, కానీ వాటిలో మూడు ఎండిపోయి ఒక్కటే మిగులుతుంది. నాలుగింట మూడు వదిలేసుకొని, అదీ గాలివాటు పరాగసంపర్కం మీద ఆధారపడి, ఈ కుటుంబం అంటార్కిటికా తప్ప అన్ని ఖండాలకూ పాకింది.

ఇప్పుడు మళ్లీ వాలు దగ్గరికి. తెలంగాణలో చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ 2015లో మొదలైనప్పుడు రాష్ట్రంలో లెక్కకు వచ్చిన చెరువులు 46 వేలకు పైనే. వరంగల్ నడిబొడ్డున ఉన్న భద్రకాళి చెరువునూ 2024 చివర్లో పూడిక తీయడానికి ఖాళీ చేశారు. పూడిక తీయడం అవసరమే, లోతు పెరిగితే నీళ్లు నిలుస్తాయి. పట్టణ చెరువులకు వచ్చే చిక్కల్లా చుట్టూ కట్టే రింగ్ బండ్‌తో. శిఖం వైపు కూడా రాతి పేర్పుతో కట్ట లేస్తే అక్కడి వాలు వంద అడుగులకు అర అడుగు నుంచి రెండడుగులకు ఒక అడుగవుతుంది. అప్పుడు మట్టం అడుగు తగ్గితే అంచు కదిలేది 200 అడుగులు కాదు, రెండే. తుంగల వాటా నూరో వంతుకు పడిపోతుంది, అందులో గూడు పెట్టే నీటికోళ్లదీ అంతే. గుర్రపుడెక్కకు మాత్రం వాలుతో పని లేదు, నీటి మీద తేలుతుంది కనుక.

ఈ అంచుకు కాగితం మీద రక్షణ ఉంది. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి అంచు) నుంచి 30 మీటర్లు, అంతకు చిన్న చెరువుకు 9 మీటర్లు ఖాళీగా వదలమంటాయి. గీత ఎక్కడన్నదే ఎప్పుడూ తగాదా. సర్వే రాళ్లను రాత్రికి రాత్రి జరపొచ్చు. నేలలో ఏళ్లుగా పాతుకుపోయిన దుంపవేళ్ల తుంగను జరపాలంటే జేసీబీ రావాలి, వస్తే ఊరంతా చూస్తుంది.