మిరప మంట, పుదీనా చలువ: నాడులు విప్పిన రహస్యం

పచ్చిమిరపకాయ కొరికితే నోరు మండుతుంది. పుదీనా ఆకు నమిలితే నోరు చల్లబడినట్లుంటుంది. పసిపిల్లలకు సైతం తెలిసిన అనుభవమే ఇది. అయితే ఆ సమయంలో నోటిలో థర్మామీటరు ఉంచి చూస్తే, ఆ మంటకు తగిన వేడి గాని, ఆ చలువకు తగిన చల్లదనం గాని కనిపించవు. లేని వేడిని, లేని చలువను శరీరం ఎట్లా గ్రహిస్తున్నది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకిన ఇద్దరు శాస్త్రవేత్తలకు 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. మన వంటింటి దినుసులే వారి పరిశోధనకు సాధనాలు కావడం విశేషం.

నాడులకు తలుపులు

శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ జూలియస్ బృందం, మిరపలోని ఘాటు పదార్థమైన కాప్సైసిన్ సహాయంతో, నాడీకణాల పైపొరలోని ఒక ప్రోటీనును 1997లో గుర్తించింది. దీని పేరు టి.ఆర్.పి.వి.1. ఇది ఒక చిన్న తలుపు వంటిది. సుమారు 43 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన వేడి తగిలితే తెరుచుకొని, 'కాలుతున్నది' అనే వార్తను మెదడుకు పంపుతుంది. కాప్సైసిన్ కూడా ఈ తలుపునే తెరుస్తుంది. అందువల్లనే నిప్పు తగిలినా, మిరప తగిలినా మెదడుకు చేరే కబురు ఒక్కటే.

పక్షులలో ఈ ప్రోటీను నిర్మాణం కొంత భిన్నం. అది కాప్సైసిన్‌కు స్పందించదు. చిలుక పండుమిరపకాయను సుఖంగా తినగలగడానికి కారణమిదే.

2002లో చలువ రహస్యం కూడా తెలిసింది. జూలియస్, కాలిఫోర్నియాలోనే స్క్రిప్స్ పరిశోధన సంస్థకు చెందిన ఆర్డెమ్ పటపూటియన్ వేర్వేరుగా పరిశోధించి, పుదీనా పువ్వుకు, అనగా మెంథాల్‌కు, స్పందించే ప్రోటీనును కనుగొన్నారు. చల్లని గాలి తగిలినా తెరుచుకొనే తలుపు అదే. 2004లో ఆవాల ఘాటును గ్రహించే మరొక ప్రోటీను వివరం తెలిసింది.

పటపూటియన్ బృందం ఆ తరువాత స్పర్శజ్ఞానంపై దృష్టి సారించింది. ఒక కణాన్ని సన్నని గాజుగొట్టంతో తాకితే విద్యుత్ స్పందన కలుగుతున్నది. దానికి మూలమైన జన్యువు ఏది? అనుమానించిన 72 జన్యువులను ఒక్కొక్కటిగా పని చేయనీయకుండా ఆపి చూడగా, చిట్టచివరిదానితో ఆ స్పందన ఆగిపోయింది. 2010లో వెల్లడైన ఈ ప్రోటీనుల కుటుంబానికి 'పీజో' అని పేరు. స్పర్శ, అవయవాల స్థితిని గూర్చిన ఎరుక, రక్తపోటు నియంత్రణ వీటిపై ఆధారపడి ఉన్నాయి.

ఆయుర్వేదంతో పోల్చవచ్చునా?

ఆయుర్వేదం మిరియాలు, పిప్పళ్లు, శొంఠి వంటి ద్రవ్యాలను కటురస ప్రధానాలుగా చెప్పింది. మిరపకాయ అమెరికా ఖండాల నుండి పోర్చుగీసువారి ద్వారా మన దేశానికి వచ్చినది కనుక ప్రాచీన గ్రంథాలలో దాని ప్రసక్తి లేదు. ద్రవ్యపు 'వీర్యం' జీర్ణక్రియ, దోషాలు మొదలైన అనేక విషయాలకు సంబంధించిన భావన. దానిని ఒక్క ప్రోటీనుతో సమానం చేయడం ఉభయ శాస్త్రాలకూ న్యాయం కాదు. అయితే గృహవైద్యంలో మనకు కలిగే అనుభూతిని అర్థం చేసుకొనడానికి ఈ ఆవిష్కరణ ఎంతగానో తోడ్పడుతుంది.

గృహిణులు గమనించవలసినవి

నుదుటికి అమృతధార గాని, బామ్ గాని రాస్తే హాయిగా ఉంటుంది. కాని శరీరంలోని జ్వరం తగ్గదు. పిల్లవాని నుదురు చల్లగా తోచినంత మాత్రాన నిశ్చింత వలదు, థర్మామీటరుతో చూడవలెను. అట్లే మెంథాల్ వాసన పీల్చితే ముక్కు తెరుచుకొన్నట్లు తోస్తుంది గాని, గాలి ప్రవాహాన్ని కొలిచిన పరీక్షలలో దిబ్బడ తగ్గినట్లు కనిపించలేదు.

రెండేళ్ల లోపు శిశువుల ముక్కు వద్ద కర్పూరం, మెంథాల్ కలిసిన మందులు రాయరాదు. ఊపిరి ఆడక ప్రమాదం కలుగవచ్చును. కర్పూరం మింగితే మూర్ఛలు వస్తాయి. ఆ సీసాలు పిల్లలకు అందని చోట ఉంచాలి.

కాప్సైసిన్ నాడుల కొనలను కొంతకాలం మొద్దుబారేటట్లు చేయగలదు. ఈ గుణం ఆధారంగా తయారైన 8 శాతం పట్టీని సర్పి తగ్గిన తరువాత మిగిలే నొప్పికి 2009లోను, మధుమేహం వల్ల పాదాలలో కలిగే నాడీనొప్పికి 2020లోను అమెరికాలో అనుమతించారు. అది వైద్యుల పర్యవేక్షణలో వాడవలసిన మందు. దానికి బదులుగా ఇంట్లో కారం నూరి పట్టు వేయడం ఎంత మాత్రం తగదు, చర్మం పొక్కిపోతుంది. పాదాలలో స్పర్శ తగ్గిన మధుమేహులకు వేడి కాపడం కూడా ప్రమాదమే. తలుపు కొట్టినా వార్త మెదడుకు చేరదు. కాలిన సంగతి పుండు పడిన తరువాతనే తెలుస్తుంది.

మిరపకాయలు తరిగిన చేతులు మండుతుంటే వట్టి నీటితో ఫలితం తక్కువ, ఎందుకనగా కాప్సైసిన్ నీటిలో కరగదు. వంటనూనె రుద్ది, ఆపై సబ్బుతో కడుక్కోవాలి. నోటి మంటకు పాలు, పెరుగు మేలు.

చిట్కా వల్ల హాయి కలిగినంత మాత్రాన వ్యాధి నయమైనట్లు కాదు. జ్వరం, నొప్పి, ఆయాసం తగ్గకపోతే వైద్యుని సంప్రదించడంలో ఆలస్యం చేయకండి.