జోజిలా ఎక్కాలంటే...

లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నాకి దగ్గరపడితే మనకది వార్త. గడ్డి మీద మంచు పేరుకున్న ఫొటోలు పేపర్ల నిండా వస్తాయి. కశ్మీరు నుంచి లద్దాఖ్‌కు సరుకు తోలే లారీ డ్రైవరు లెక్కలో సున్నా అంటే చలి ఇంకా మొదలుకానట్టే. జనవరిలో ఆ దారిలోని డ్రాస్ దగ్గర మైనస్ 20 మామూలు సంగతి.

శ్రీనగర్-లేహ్ రహదారి 434 కిలోమీటర్లు. దారిలో 11,575 అడుగుల ఎత్తున జోజిలా కనుమ. ఒకప్పుడు చలికాలం మంచుకు మూతపడితే నెలల తరబడి తెరుచుకునేది కాదు. బియ్యం, పప్పులు, కిరోసిన్ అన్నీ ముందే లారీల్లో పైకి చేరాల్సిందే. ఆ తర్వాత డ్రైవర్లు ఇంటిదారి పట్టేవారు. ఇప్పుడు సరిహద్దు రహదారుల సంస్థ మంచును ఎప్పటికప్పుడు తోడిపోస్తోంది. 2022లో కనుమ 73 రోజులు మూతపడితే, 2025లో 32 రోజులే. లద్దాఖ్ వాసులకు ఇదెంత మేలో చెప్పక్కర్లేదు. కానీ ఇదివరకు బండిని ఆపే పని మంచే చూసుకునేది. ఇప్పుడు వెళ్లాలో ఆగాలో డ్రైవరే తేల్చుకోవాలి.

మొదటి గండం డీజిలు. చలికాలంలో సీసాలో కొబ్బరినూనె పేరుకున్నట్టే డీజిల్లోని మైనం చలికి గడ్డకట్టి ఫిల్టరును మూసేస్తుంది. బండి కదలదు. తెల్లారుతూనే ట్యాంకు కింద మంట పెట్టి డీజిలును కరిగించుకోవడం ఈ దారిలో పాత అలవాటు. చూసేవాళ్లకే గుండె ఆగుతుంది! 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ మైనస్ 33 డిగ్రీల చలికీ పేరుకోని శీతాకాలపు డీజిలును లద్దాఖ్‌కు తెచ్చింది. అయితే కింద మైదానంలోనే మామూలు డీజిలుతో ట్యాంకు నింపేసుకుంటే, పైన మంచి డీజిలు దొరికినా పోయించుకోవడానికి చోటేదీ?

తర్వాత బ్రేకులు. లారీ బ్రేకు పనిచేసేది గాలితో. ఆ గాలిలోని తేమ నీరై ఎయిర్ ట్యాంకు అడుగున చేరుతుంది, రాత్రికి రాత్రే గడ్డకట్టి వాల్వులకు అడ్డుపడుతుంది. అందుకే బండి ఆపిన వెంటనే డ్రెయిన్ వాల్వు లాగాలి. బుస్సుమంటూ ముందు నీళ్లూ నూనె జిడ్డూ కలిసిన తెల్లటి చారు పడుతుంది, తర్వాత పొడిగాలి వస్తుంది. అప్పుడు వదలాలి. తడిసిన చక్రాలతో హ్యాండ్‌బ్రేకు వేసి పడుకుంటే పొద్దుటికి బ్రేకు డ్రమ్ములు పట్టేస్తాయి. చదును చోటు చూసి, గేరులో ఉంచి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టడమే మేలు.

మంచులో జారకుండా టైర్లకు తొడిగే చైన్లు కొని టూల్‌బాక్సులో పడేస్తే సరిపోదు. వేయడం ఎండలో, చేతులు వెచ్చగా ఉన్నప్పుడే నేర్చుకోవాలి. మంచులో వేళ్లు కొయ్యబారాక కొక్కెం కూడా దొరకదు. తొడిగి కొద్ది దూరం పోయాక దిగి మళ్లీ బిగించాలి. మంచు దాటగానే విప్పేయాలి, లేకుంటే తారు రోడ్డు మీద చైను అరుగుతుంది, టైరు కోసుకుపోతుంది.

సరుకున్న బండికంటే తిరుగు ప్రయాణంలో ఖాళీ బండికే జారుడు ఎక్కువ. వెనక చక్రాల మీద బరువుండదు కదా! గట్టిపడిన మంచు మీద ఎగ్జాస్ట్ బ్రేకు వేసినా వెనక భాగం పక్కకు తిరిగిపోవచ్చు. చిన్న గేరులో, బ్రేకుతో పని పడనంత నెమ్మదిగా దిగాలి.

వీటన్నిటికన్నా నన్ను భయపెట్టేది క్యాబిన్‌లో కుంపటి. దారి మూసేసిన రాత్రి అద్దాలన్నీ బిగించి బొగ్గులు రాజేసుకుంటే వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగూ ఉండదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. మందపాటి రగ్గులు, ఫ్లాస్కులో వేడి నీళ్లు, రెండు రోజుల తిండి బండిలో ఉంటే కుంపటి జోలికే పోనక్కర్లేదు. కిరాయి మాట్లాడేటప్పుడు యజమాని వీటి ఖర్చు కూడా లెక్కలో వేయాలి. చైన్లు ఉన్నాయో లేదో చెక్‌పోస్టులో చూస్తారు, రగ్గుల సంగతి ఎవరడుగుతారు?

జోజిలా కింద సుమారు 13 కిలోమీటర్ల సొరంగం పని హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజినీరింగ్ చేతిలో ఉంది. అది వాడుకలోకి వస్తే కనుమ ఎక్కే బాధ తప్పుతుంది. సొరంగం అవతలి కొసన మీనామార్గ్ వైపు బయటపడ్డాక డ్రాస్ చలి మాత్రం ఎక్కడికీ పోదు. అప్పటికీ ట్యాంకులో ఉండాల్సింది శీతాకాలపు డీజిలే.