బుల్లెట్, జావా: పుట్టిల్లు వేరైనా మెట్టినిల్లు మన పొరుగే

సరిహద్దు పల్లెలలో పాత మోటారు సైకిలు అనగానే రెండు పేర్లు వినవస్తాయి: బుల్లెట్, జావా. మొదటిది ఇంగ్లండు బండి. మద్రాసు చెంత తిరువొత్తియూరులో స్థిరపడింది. రెండవది చెకోస్లొవేకియా బండి, మైసూరులో స్థిరపడింది. వీటిలో ఏది మేలన్నది రచ్చబండ వద్ద తెగని వాదం. ఇంటనున్న పాత బండిని నిలుపుకొనవలెనా, అమ్మివేయవలెనా అని ఆలోచించేవారు మాత్రం రెండింటి స్వభావాన్నీ ఎరిగి ఉండడం అవసరం.

చరిత్ర

ఇంగ్లండులోని రెడిచ్ పట్టణపు రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ 1932లో బుల్లెట్ అనే పేరును ప్రవేశపెట్టింది. భారత సైన్యం ఈ బండిని ఎన్నుకొన్న పిమ్మట, 1955లో మద్రాస్ మోటార్స్ భాగస్వామ్యంతో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. తరువాతి కాలంలో మాతృసంస్థ మూతబడినా మద్రాసులో ఉత్పత్తి ఆగలేదు.

ఫ్రాంటిషెక్ యానెచెక్ 1929లో ప్రాగ్ నగరంలో జావాను నెలకొల్పాడు. తన పేరులోని, జర్మనీకి చెందిన వాండరర్ సంస్థ పేరులోని తొలి అక్షరాల కలయికే ఆ నామం. మైసూరులో ఐడియల్ జావా సంస్థ 1961 నుండి ఈ బండ్లను తయారుచేసింది. 1973 నుండి అవి యెజ్డి పేరుతో వెలువడ్డాయి. ఆ కర్మాగారం 1996లో మూతబడింది. 2018లో జావా, 2022లో యెజ్డి పేర్లు తిరిగి వచ్చినా, ఈ కొత్త బండ్లవి నాలుగు స్ట్రోకుల ఇంజన్లు.

యంత్రంలోని భేదం

పాత బుల్లెట్ ఇంజను 346 సి.సి. బోరు 70 మి.మీ. కాగా, స్ట్రోకు 90 మి.మీ. పిస్టన్ ప్రయాణం దీర్ఘమైనందున తక్కువ వేగంలోనే లాగే శక్తి లభిస్తుంది. ఇద్దరు మనుషులతో, మూటాముల్లెతో దూరప్రయాణం చేసేవారికి ఇది అనుకూలం. బరువు 160 కిలోలకు పైనే కనుక బురదలో నెట్టడం మాత్రం కష్టం.

పాత జావా 250 సి.సి., రెండు స్ట్రోకులది. వాల్వులు లేనందున విడిభాగాలు తక్కువ, మరమ్మతు సులువు, బండి తేలిక. అయితే పెట్రోలులో ఆయిలు కలిపి పోయాలి. కలపడం మరచితే పిస్టన్ పట్టివేస్తుంది. ఘాటు రోడ్డు దిగేటప్పుడు బుల్లెట్ ఇంజను బండిని చక్కగా నిలువరిస్తుంది. జావాలో ఆ ఆసరా తక్కువ కనుక బ్రేకులపై భారం అధికం.

పాదానికి హెచ్చరిక

ఒక బండికి అలవాటుపడినవారు రెండవదానిని నడిపేటప్పుడు ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. పాత బుల్లెట్‌కు గేరు కుడి పాదానికి, బ్రేకు ఎడమ పాదానికి. జావాకు ఇది తారుమారు. పైగా జావాలో గేరు లివరే కిక్కు కూడా. ఆపదవేళ బ్రేకు అనుకొని గేరును తొక్కే అవకాశం ఉన్నది. కనుక బండిని పిల్లలకు అప్పగించే ముందు ఖాళీ మైదానంలో సాధన చేయించడం విధి.

కాగితాలు

రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు; ఆపై అయిదేళ్లకొకసారి పునరుద్ధరించాలి. ఒక రాష్ట్రంలో నమోదైన బండిని మరొక రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడ తిరిగి నమోదు చేయించాలి. అందుకు పాత కార్యాలయం నుండి నిరభ్యంతర పత్రం కావాలి. సరిహద్దుకు ఆవలనున్న బంధువుల నుండి బండి తెచ్చుకొనేవారు దీనిని మరువరాదు. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, మౌలిక రూపం మారని బండిని వింటేజి వాహనంగా నమోదు చేయవచ్చు. కాని దానిని నిత్యప్రయాణానికి వాడరాదు.

ఏది మేలు?

దూరప్రయాణానికి, విడిభాగాల లభ్యతకు బుల్లెట్; తేలికదనానికి, సులువైన మరమ్మతుకు జావా. బుల్లెట్ ఎప్పుడైనా దొరుకుతుంది. మైసూరు జావా ఇక తయారు కాదు. కనుక ఇంట జావా ఉన్నవారు పాత ఇనుము ధరకు దానిని వదులుకొనే ముందు ఒకసారి యోచించుట మంచిది.