లానీ ముందు మన గొంతు

డర్బన్ వచ్చిన కొత్తలో మా పక్కింటి ఆంటీ నన్నొక నాటకానికి తీసుకెళ్లారు. ఆవిడ ముత్తాత విశాఖ వైపు నుంచి చెరకు తోటల్లో పనికి వచ్చారట. ఆంటీకి తెలుగులో మిగిలినవి ఓ పది మాటలు, నాలుగు భజనలు. మిగతాదంతా డర్బన్ ఇంగ్లిషే. "బాగా నవ్వుకుంటావు, రా" అన్నారు.

నాటకం పేరు 'ది లానీస్ ప్లెజర్'. 1970లలో రోనీ గోవెందర్ రాశారు. 'లానీ' అంటే ఇక్కడి భారతీయుల వాడుకలో తెల్ల యజమాని. మన ఊళ్లలో 'దొర' అనే మాటలో ఉన్నట్టే అందులో భయమూ ఉంది, వెటకారమూ ఉంది. మౌంట్ ఎడ్జ్‌కూమ్ అనే చెరకు ఊళ్లో ఓ హోటల్ వెనకాల బారు. కూతురు ఇల్లు విడిచి వెళ్లిపోయిందన్న దిగులుతో తాగుతున్న కార్మికుడు మోతీ. గ్లాసులు నింపే సన్నీ. ఓ కొత్త మనిషి. వీళ్లందరి నెత్తిన లానీ. కథ అంతే.

నవ్వంతా మాటల్లోనే. అరవం, తెలుగు, హిందీ కలిసి వంకర తిరిగిన ఇంగ్లిషు అది. నేను పడీపడీ నవ్వాను. విరామంలో ఆంటీ సమోసా తుంచుతూ అడిగారు: "మోతీ మాటలకు నవ్వావా, యాసకు నవ్వావా? మా నాన్న అచ్చం అలాగే మాట్లాడేవారు." నాకు సమోసా గొంతులో అడ్డుపడింది.

తర్వాతి సగం ఆవిడ పక్కన వేరేగా చూశాను. తమలో తాము ఉన్నప్పుడు గట్టిగా మాట్లాడే గొంతులు లానీ దగ్గర ఎలా మెత్తబడతాయో అప్పుడు కనిపించింది. ముందు వరుసలో ముసలాయన ఒకరు నవ్వుతూ నవ్వుతూనే కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

1860 నవంబరు 16న మద్రాసు నుంచి 'ట్రూరో' ఓడ డర్బన్ చేరింది. 1911 వరకు అలా వచ్చినవారు లక్షన్నర పైమాటే. అందులో మనవాళ్లూ ఉన్నారు. 1931లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకున్నా, ఇళ్లలో భాష నిలవలేదు. నిలిచింది ఆ యాస. నాటకశాలలు కూడా రంగును బట్టి విడిపోయిన రోజుల్లో గోవెందర్ దాన్ని వేదికెక్కించారు. ఆయన పుట్టిన కేటో మేనర్‌ నుంచి ప్రభుత్వం జనాన్ని బలవంతంగా ఖాళీ చేయించింది. ఆ వాడ కథలు రాసే ఆయన తర్వాత కామన్వెల్త్ రచయితల బహుమతి అందుకున్నారు. 2021లో కన్నుమూశారు.

ఇప్పుడు మౌంట్ ఎడ్జ్‌కూమ్‌లో గోల్ఫ్ మైదానాలు, గేటు కాపలా ఉన్న ఇళ్లు. నాలాంటి కొత్త బాపతు ఐటీవాళ్లు కొందరు అద్దెకుంటున్నదీ అక్కడే. మనం చెరకు నరకడానికి రాలేదు, నిజమే. కానీ ఓ రాత్రి ఆఫీసు కాల్ ముగించాక మా అమ్మాయి అడిగింది: "నాన్నా, ఫోన్లో నువ్వెందుకు వేరే మనిషిలా మాట్లాడతావు?" ఏదో సర్దిచెప్పాను. వీసా రెన్యువల్ దగ్గర పడిందని పదేళ్ల పిల్లకు ఏం చెప్తాం?

మన ఉగాది స్కిట్లలో ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ ఎస్కలేటర్ చూసి భయపడుతుంది, తాతయ్య 'పాస్తా'ను 'పస్తు' అంటాడు. ఏటా అవే. నేనూ ఓసారి ఆ తాతయ్య వేషం వేశాను, చప్పట్లు బాగానే పడ్డాయి. మా నాన్న వీడియో చూసి "బాగుందిరా" అని ఊరుకున్నారు. ఆ తర్వాత మళ్లీ ఆ వేషం వేయలేదు.

ఈ ఉగాదికి ఆఫీసు కాల్ మీద నేనే చిన్న నాటిక రాశాను. నా వేషం నాదే. పక్క గదిలోంచి నన్ను అనుకరించేది మా అమ్మాయి. బాస్ వేషం ఎవరికివ్వాలా అని ఆలోచిస్తుంటే ఆంటీ అడిగి మరీ తీసుకున్నారు.

"డెబ్భై ఏళ్లుగా వింటున్న గొంతు. నాకు ప్రాక్టీసు అక్కర్లేదు" అన్నారు.