లేని మనుష్యుల పేర్లతో బహుమతులు

ఒక కథను చదివి, దానిని వ్రాసినది పురుషుడో స్త్రీయో చెప్పగలమా? చాలమంది చెప్పగలమనియే అనుకొందురు. అమెరికాలో ఈ నమ్మకమునకు 1977లో గట్టి దెబ్బ తగిలెను.

1968 నుండి అక్కడి పత్రికలలో జేమ్స్ టిప్ట్రీ జూనియర్ అను పేరుతో వైజ్ఞానిక కల్పనలు వెలువడుచుండెను. ఆ రచయిత ఉత్తరములు అందుకొన్నవారే గాని, ఆయనను చూచినవారు లేరు. 1975లో రాబర్ట్ సిల్వర్‌బర్గ్ అను ప్రసిద్ధ రచయిత టిప్ట్రీ కథాసంపుటికి పీఠిక వ్రాయుచు, ఇంతటి పురుషత్వము గల రచన స్త్రీ చేసినదనుట అసంబద్ధమని తేల్చి చెప్పెను. రెండేండ్లకు నిజము బయటపడెను. టిప్ట్రీ అనునది ఒక మార్మలేడు సీసా మీది పేరు. కథలు వ్రాసినది ఆలిస్ షెల్డన్ అను స్త్రీ. ఆమె 1915లో షికాగోలో పుట్టి, యుద్ధకాలమున విమానములనుండి తీసిన ఛాయాచిత్రములను పరిశీలించు సైనికోద్యోగము చేసి, 1967లో ప్రయోగాత్మక మనస్తత్వశాస్త్రమున డాక్టరేటు పొందినది.

1991లో విస్కాన్సిన్ రాష్ట్రమందలి మాడిసన్ నగరమున జరిగిన ‘విస్‌కాన్’ సభలో పాట్ మర్ఫీ, కారెన్ జాయ్ ఫౌలర్ అను రచయిత్రులు టిప్ట్రీ పేర ఒక బహుమతిని నెలకొల్పిరి. స్త్రీపురుష భేదమును గూర్చి మన ఊహను విశాలము చేయు కల్పనకు ఇది ఈయబడును. ఇంటిలో చేసిన కేకులు, బిస్కట్లు అమ్మి దీనికి ధనము కూర్చిరి. స్త్రీలకు వంటయే తగిన పని యనువారిపై ఇదొక చిన్న ఛలోక్తి కూడ.

ఇట్టి కథలకు విజ్ఞానశాస్త్రముతో పని యేమి? ప్రయోగశాలలో ఒక్క అంశమును మార్చి, తక్కినవానిని స్థిరముగా నుంచి, ఫలితమును గమనింతుము. కథకుడును అట్లే చేయును. ఉర్సులా లెగ్విన్ 1969లో వ్రాసిన ‘ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్’ నవలలో ఒక మంచుగ్రహము కలదు. అచటి జనులు సాధారణముగా స్త్రీలును గారు, పురుషులును గారు. నెలకు కొలది దినములు మాత్రమే ఏదో ఒకటి యగుదురు. ఒకే వ్యక్తి కొందరు బిడ్డలకు తల్లియు, మరికొందరికి తండ్రియు కావచ్చును. అట్టిచోట రాజ్యము, యుద్ధము, ఇంటిపని ఎట్లుండును? ఈ ప్రశ్నకై ఆ నవలకు తరువాతి కాలమున ఈ బహుమతి లభించెను. 1998లో బహుమతి పొందిన రఫేల్ కార్టర్ కథ మరియు చిత్రమైనది. అది అచ్చముగా శాస్త్రపత్రిక వ్యాసమువలె నుండును. ఎదుటివారు స్త్రీయో పురుషుడో గుర్తింపజాలనివారిని గూర్చిన కల్పిత పరిశోధన అది.

ఈ బహుమతి పేరు మాత్రము నిలువలేదు. 1987లో షెల్డన్ వ్యాధిగ్రస్తుడైన తన భర్తను కాల్చి, తానును కాల్చుకొని మరణించెను. అది ఇరువురు ముందే అనుకొన్న మాట యని కొందరనిరి. అశక్తుడగుటచేతనే ఒకరి ప్రాణము తీయుట క్షమింపదగునా యని మరికొందరు అడిగిరి. అందరిని చేర్చుకొనుటకు పుట్టిన బహుమతి ఈ ప్రశ్నను దాటవేయుట తగదు. 2019లో దానికి ‘అదర్‌వైజ్’, అనగా ‘మరియొక విధముగా’, అను పేరు పెట్టిరి.

కార్ల్ బ్రాండన్ కథయు ఇట్టిదే. 1950లలో టెర్రీ కార్, పీట్ గ్రాహం అను తెల్లజాతి యువకులు ఈ పేరుతో ఒక నల్లజాతి పాఠకుని సృష్టించి, అతని వ్రాతలని తామే ప్రచురించిరి. చాలమంది నమ్మిరి. నిజమైన నల్లజాతివారు ఆ గోష్ఠులలో ఎంత అరుదో ఆ హాస్యమే చాటెను. 1999లో విస్‌కాన్ సభయందే ఆ పేరుతో ఒక సంఘము ఏర్పడి, 2005వ సంవత్సరపు రచనలనుండి రెండు బహుమతులిచ్చెను. ‘కిండ్రెడ్’ బహుమతి జాతి, వర్ణ సమస్యలను చర్చించు రచనకు. వ్రాసినది ఎవరైనను సరియే. ‘పారలాక్స్’ తెల్లజాతికి చెందని రచయితలకు.

పారలాక్స్ అననేమి? బొటనవ్రేలిని ముఖమునకు ఎదురుగా నుంచి, ఒక్కొక్క కన్నే మూసి చూడుడు. వ్రేలు ప్రక్కకు జరిగినట్లు తోచును. చూచు చోటు మారినచో వస్తువు స్థానము మారినట్లగుపించుటయే పారలాక్స్. భూమి సూర్యుని చుట్టు తిరుగునపుడు ఆరునెలల ఎడముతో చూచి, సమీప నక్షత్రముల దూరములను ఖగోళజ్ఞులు ఇట్లే లెక్కింతురు. ఒక్క కంటితో దూరము సరిగా తెలియదు. 2008వ సంవత్సరమునకు ఈ బహుమతి, ఢిల్లీలో పెరిగి అమెరికాలో భౌతికశాస్త్రము బోధించిన వందనా సింగ్ రచనకు దక్కెను. దాని పేరు ‘డిస్టెన్సెస్’, అనగా దూరములు.