బల్బు కంటికి కనబడని దీపం

లైట్ల దుకాణంలో దీపం ఎంచుకోవడం దాదాపు అసాధ్యమైన పని. పైకప్పు నిండా షాండ్లియర్లు, గోడల నిండా బ్రాకెట్ లైట్లు, మూలమూలనా నిలువు దీపాలు, అన్నీ ఒకేసారి వెలుగుతుంటాయి. ఏ వెలుతురు ఏ దీపానిదో విడదీసి చూడడం ఎవరి తరమూ కాదు. అందుకే అక్కడ మన చూపంతా ఆకారం మీదే ఉంటుంది. ఇత్తడిదా గాజుదా, తాతల నాటి లాంతరు పోలికా లేక నిన్నమొన్న ఇటలీలో గీసిన గీతా అని చూసి, ధర బేరమాడి తెచ్చుకుంటాం. తీరా బిగించాక సోఫాలో కూర్చుంటే బల్బు సూటిగా కళ్లలోకి కొడుతుంది, చేతిలోని పేపరు మీద మాత్రం మన తల నీడే పడుతుంది. వింటేజ్ కావాలా, మోడర్న్ కావాలా అని ఇంటీరియర్ డిజైనర్లు అడిగే ప్రశ్న ఈ చిక్కును తీర్చదు. దీపం వయసుకీ దాని గుణానికీ సంబంధం తక్కువ. మనిషి కూర్చున్న చోటి నుంచి వట్టి బల్బు కనబడకూడదు, పని జరిగే చోట వెలుతురు పడాలి. ఈ రెండు పరీక్షలూ నెగ్గిన దీపం 1926 నాటిదైనా ఈ ఏటిదైనా ఇంట్లో ఇమిడిపోతుంది. నెగ్గనిది ఎంత ఖరీదు పెట్టి కొన్నా నాలుగు రోజులకే స్విచ్ కట్టేయించుకుంటుంది.

మొదటి పరీక్ష గురించి అందరికంటే ఎక్కువగా తల పట్టుకున్న మనిషి డెన్మార్క్ ఆర్కిటెక్టు పౌల్ హెన్నింగ్సెన్. 1894లో పుట్టిన ఆయన నూనె దీపాల మెత్తని వెలుగులో పెరిగి, పెద్దయ్యేసరికి ఊరూరా కరెంటు బల్బులు రావడం చూశాడు. వెలుతురు పెరిగింది కానీ ఇళ్లు అందవికారమయ్యాయని ఆయన ఫిర్యాదు. ఊరికే ఫిర్యాదు చేసి ఊరుకోకుండా లెక్కలు వేశాడు. కోపెన్‌హాగెన్‌లోని లూయీ పౌల్‌సెన్ కంపెనీతో కలిసి 1920లలో మూడు షేడ్ల దీపం తయారుచేశాడు. ఒకదాని కింద ఒకటిగా, పెద్దది, మధ్యరకం, చిన్నది. వాటి వంపులు గణితంలో లాగరిథమిక్ స్పైరల్ అనే గీతను అనుసరిస్తాయి, బల్బు ఆ స్పైరల్ కేంద్రంలో ఉంటుంది. దానివల్ల షేడ్ మీద ఏ చోటనైనా కాంతి ఒకే కోణంలో పడి, చెదిరి, కిందికీ పక్కలకీ సమంగా పరుచుకుంటుంది. ఎటు నుంచి చూసినా మూడింటిలో ఏదో ఒక షేడ్ బల్బును దాచేస్తుంది. 1958లో వచ్చిన ఆయన పీహెచ్ 5 దీపాన్ని దగ్గరగా చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. బయటికి తెల్లగా కనిపించే ఆ లోహపు దీపంలో లోపలి భాగాలకు కొంచెం ఎరుపు, కొంచెం నీలం రంగు వేశాడు. కంటికి బాగా అందేది పసుపు, ఆకుపచ్చల కాంతి. అంతగా అందని ఎరుపు, నీలాలకు కాస్త ఊతమివ్వడం ఆయన ఉద్దేశం. దీపం వెడల్పు 50 సెంటీమీటర్లు, పేరులోని 5 దాని గుర్తే. అప్పటికి బల్బు కంపెనీలు ఇష్టమొచ్చినట్టు బల్బుల ఆకారాలు మారుస్తుండటంతో విసిగిపోయి, ఏ బల్బు పెట్టినా కళ్లకు కొట్టని దీపం చేయాలన్న పట్టుదలతో చేశాడు దీన్ని. అరవై ఏళ్లు దాటినా అది ఇంకా తయారవుతోంది, భోజనాల బల్లల మీద వేలాడుతూనే ఉంది. దాన్ని పాతది అనాలా, కొత్తది అనాలా?

వెలుతురును దాచడానికి లెక్కలే అక్కర్లేదు, పలచని పొర చాలు. జపాన్ మూలాలున్న అమెరికన్ శిల్పి ఇసాము నొగుచి 1951లో గిఫు అనే ఊరికి వెళ్లాడు. కాగితపు లాంతర్లకు అది పేరుపడ్డ చోటు, కానీ అప్పటికి ఆ పని దెబ్బతిని ఉంది. మల్బరీ జాతి చెట్టు బెరడుతో చేసిన కాగితాన్ని సన్నని వెదురు బద్దల చుట్టూ అతికించే ఆ పాత పద్ధతినే ఉంచి, లోపల కొవ్వొత్తికి బదులు బల్బు పెట్టి, ఆయన అకారి దీపాలు రూపొందించాడు. మడిస్తే పళ్లెంలా చదునవుతాయి, తెరిస్తే చంద్రబింబంలా ఉబ్బుతాయి. కాగితం కాంతినంతా తనలోకి తీసుకుని ఒళ్లంతా సమంగా వెలుగుతుంది కాబట్టి కళ్లు జిగేలుమనవు.

మన దగ్గర ఇదే సూత్రం మీద నడిచే దీపం శ్రీసత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తయారవుతుంది. తోలుబొమ్మలాట కళాకారుల ఊరది. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆట చూసే జనం తగ్గాక అక్కడి కుటుంబాలు అదే చేతిపనితో ల్యాంప్ షేడ్లు చేయడం మొదలుపెట్టాయి. మేకతోలును శుభ్రం చేసి, లాగి బిగించి ఆరబెడితే వెలుతురు దూరే పలచని పొర అవుతుంది. దాని మీద బొమ్మ గీసి, చిన్న చిన్న ఉలులతో నగల చోట, అంచుల చోట రంధ్రాలు కొట్టి, ఎరుపు, ఆకుపచ్చ, నలుపు రంగులు వేసి, ఇనుప తీగల చట్రానికి కుడతారు. దీపం వెలిగించగానే తోలు తేనె రంగులోకి తిరుగుతుంది, రంధ్రాలు మాత్రం తెల్లగా మెరుస్తాయి. హనుమంతుడి కిరీటం అంచున వరసగా కొట్టిన చుక్కలు పగలు కంటికి ఆనవు, రాత్రి అవే ముందు కనిపిస్తాయి. బల్బు ఎక్కడుందో తెలియదు. గిఫు కాగితానికి దక్కిన పేరు ఈ తోలుకు దక్కకపోవడానికి కారణం పనితనంలో లోటు కాదు, దీన్ని మనం ఎగ్జిబిషన్ స్టాలులో కొనే జ్ఞాపికగా చూడటమే. ఒక్క జాగ్రత్త: పాత రకం వేడి బల్బులు తోలును ముడుచుకుపోయేలా చేస్తాయి. వేడి తక్కువుండే చిన్న ఎల్‌ఈడీ దీనికి సరిజోడు.

ఇక రెండో పరీక్ష, వెలుతురు పడే చోటు. చిన్న దీపం నుంచి దూరం రెట్టింపైతే కాంతి నాలుగో వంతుకు పడిపోతుంది. ఎనిమిదడుగుల దూరంలో ఉన్న బల్బునే రెండడుగుల దూరానికి తెస్తే పుస్తకం మీద పడే వెలుతురు దాదాపు పదహారు రెట్లవుతుంది. ఈ లెక్క తెలిసినవాళ్లే మంచి చదువు దీపాలు చేశారు. ఇంగ్లాండులో కార్ల సస్పెన్షన్ల మీద పనిచేసే జార్జ్ కార్వార్డైన్ అనే ఇంజినీరు 1930ల మొదట్లో స్ప్రింగులతో నిలిచే మడత చేయి దీపానికి పేటెంటు తీసుకున్నాడు. యాంగిల్‌పాయిజ్ పేరుతో వచ్చిన ఆ దీపం ఎక్కడికి లాగితే అక్కడ ఆగుతుంది. ఈనాటి స్టడీ ల్యాంపుల్లో చాలావరకు దాని సంతానమే. ఇటలీలో కాస్తిలియోనీ సోదరులు 1962లో చేసిన ఆర్కో దీపం ఇదే సమస్యకు ఇంకో జవాబు: పైకప్పుకు కన్నం పెట్టకుండా బల్ల నడిమధ్య మీదికి వెలుతురు రావాలి. పక్కన నేల మీద పాలరాతి దిమ్మ, అందులోంచి లేచి రెండు మీటర్లు వంగి వచ్చే ఉక్కు కమాను, చివర దీపం. దిమ్మ బరువు అరవై కిలోలకు పైనే, దానికి ఒక రంధ్రం ఉంటుంది. చీపురు కర్ర దూర్చి ఇద్దరు కలిసి ఎత్తడానికి! సోకు కోసం పెట్టినట్టున్న ప్రతి వంపు వెనకా ఓ అవసరం కనిపిస్తే అది మంచి డిజైను. అదే కమానును ఏ అవసరమూ లేని మూలన, గోడవైపు తిప్పి నిలబెడితే ఎంత పేరున్న దీపమైనా దారికి అడ్డమే.

ఇందుకు వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటుంది. దీపం అలంకారం కూడా కదా, చౌమహల్లా ప్యాలెస్ దర్బారు హాల్లో వేలాడే పంతొమ్మిది బెల్జియం గాజు షాండ్లియర్లను చూడటానికే జనం టికెట్టు కొంటున్నారు కదా అని. నిజమే. కానీ ఆ హాలు ఎత్తు చూడండి. దీపాలు తల ఎత్తితేనే కనిపించేంత పైన ఉన్నాయి. వేలాడే గాజు ముక్కల పని కూడా కాంతిని ముక్కలు చేసి చెదరగొట్టడమే, కొవ్వొత్తుల నాడు ఆ కాస్త వెలుగు పది దిక్కులా పారాలని చేసిన ఏర్పాటది. పది అడుగుల స్లాబు కింద, ఎల్‌ఈడీ బల్బులతో, మూడడుగుల షాండ్లియర్ వేలాడదీస్తే గాజు ముక్కలకు చేయడానికి పని లేదు, మనిషికి తల దాచుకునే చోటు లేదు. గత పదేళ్లలో హోటళ్ల నుంచి ఇళ్లకు పాకిన ‘ఎడిసన్ బల్బు’ మోజు కూడా ఇలాంటిదే. తీగ కనిపించాలని షేడే తీసేసి బల్బును వట్టిగా వేలాడదీస్తారు. తొలి విద్యుత్ దీపాల లోటును ఇప్పుడు డబ్బిచ్చి కొనుక్కోవడమన్న మాట. ఆ బల్బే ముద్దనుకుంటే బాగా తక్కువ వెలుగుది తీసుకుని, డిమ్మర్ పెట్టి, కంటికి ఎదురుగా కాకుండా పక్కగా ఉంచుకోవచ్చు. చదువుకోవడానికి మాత్రం దాని మీద ఆధారపడొద్దు.

రెండో అభ్యంతరం మరీ గట్టిది. మన ఇళ్లలో పెద్దలు అడిగేది ఒకటే: వెలుతురు బాగా రావాలి, ఈ మసక దీపాలెందుకు? ట్యూబ్‌లైటు వెలుగులో పెరిగిన తరాలకు తెల్లని, నిండు వెలుతురే శుభ్రతకూ, సంపదకూ గుర్తు. పైగా వాళ్ల మాటలో శాస్త్రం ఉంది. అరవై ఏళ్ల మనిషి కంటి రెటీనాకు చేరే కాంతి ఇరవై ఏళ్లవాడికి చేరేదానిలో మూడో వంతు మాత్రమే. వాళ్లకు ఎక్కువ వెలుతురు కావాల్సిందే. అయితే ముసలి కంటిలో కాంతి ఎక్కువగా చెదురుతుంది కూడా, అందుకే ఎదురుగా కొట్టే బల్బు వాళ్లనే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. పైకప్పు మధ్యన 20 వాట్ల తెల్లని ఎల్‌ఈడీ బిగించి తృప్తిపడే బదులు, మంచం పక్కనా, కుర్చీ పక్కనా, వంటగట్టు పైనా షేడు చాటున దీపాలుంటే మొత్తం కరెంటు అంతే ఖర్చయి పని రెట్టింపు జరుగుతుంది. రంగు సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. డబ్బా మీద 2700 లేదా 3000 కెల్విన్ అని ఉంటే పసుపు ఛాయ, 6500 అని ఉంటే నీలి ఛాయ తెలుపు. పడుకునే ముందు గంటల్లో నీలి కాంతి నిద్రను వెనక్కి నెడుతుంది కాబట్టి పడకగదికి మొదటిది మేలు. వంటగదిలో 4000 పెట్టుకున్నా తప్పులేదు. రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే సీఆర్‌ఐ అంకె 90 దాటిన బల్బు కొంటే కూరగాయల రంగూ, పట్టుచీర రంగూ ఉన్నదున్నట్టు కనిపిస్తాయి.

ధర మాటకొస్తే, పైన చెప్పిన పేరున్న దీపాలు అసలువి కొనడం సామాన్యుడి వల్ల కాదు. నకళ్లు మాత్రం ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి. నకలు చేసినవాడు బయటి ఆకారం దించుతాడు, షేడ్ వంపునీ, బల్బు ఎత్తునీ అంత శ్రద్ధగా దించడు. దానితో మూడు షేడ్లుండి కూడా కింది నుంచి బల్బు కనబడుతుంది. అంతకంటే మామూలు తెల్లగాజు గోళమో, మందపాటి గుడ్డ షేడో, నిమ్మలకుంట తోలుదో నయం. మంచి వెలుతురుకు పెద్ద పేరు అక్కర్లేదు. ఎల్‌ఈడీ బల్బు సేకరణ ధరను 2014లోని 310 రూపాయల నుంచి కొన్నేళ్లలోనే 40 లోపుకు దించిన ప్రభుత్వ ఉజాలా పథకం తర్వాత బల్బు ఖర్చు లెక్కలోకి రాదు. ఖర్చు పెట్టాల్సింది షేడ్ మీద, వైరింగు మీద.

అసలైన పాత దీపం కొనేవాళ్లు మొదట చూడాల్సింది వైరు. గుడ్డ చుట్టిన పాత తీగలు పొడిబారి రాలిపోతుంటాయి, వాటిని మార్చి, ఇత్తడి ఒంటికి ఎర్త్ ఇప్పించాలి. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన దీపమైతే అది 120 వోల్టులది, హోల్డరు మర సైజు వేరు. మన 230 వోల్టులకు, ఇక్కడ దొరికే బల్బులకు తగ్గట్టు హోల్డరూ స్విచ్చూ మార్పించకుండా ప్లగ్గు పెట్టొద్దు. కొత్త డిజైనర్ దీపాలకు వేరే జబ్బుంది. చాలావాటిలో ఎల్‌ఈడీ దీపంలోనే అతికి ఉంటుంది, చిప్పో డ్రైవరో పోతే ముప్ఫై వేల దీపం పాత సామానుకే పోతుంది. బల్బు విప్పి మార్చుకోగల దీపమే అడగండి. ఈ ఒక్క విషయంలో పాత దీపాలది పైచేయి.

చివరగా మన ఇళ్లకే ప్రత్యేకమైన అడ్డంకి ఫ్యాను. గది మధ్య హుక్కు దానిదే. ఫ్యాను రెక్కల పైన దీపం ఉంటే వెలుతురు టపటపా కొట్టుకుంటుంది, పక్కనే వేలాడే కాగితపు దీపం గాలికి ఊగిపోతుంది. అందుకే హాల్లో వేలాడే దీపాల ఆశ వదిలి గోడ దీపాలు, బల్ల దీపాలు, నిలువు దీపాల వైపు చూడటం మంచిది. వేలాడే దీపాన్ని భోజనాల బల్లకు, బల్ల మీద రెండడుగుల ఎత్తుకు పరిమితం చేసి, ఫ్యానును అక్కడి నుంచి జరపాలి. వీటన్నిటికీ కావాల్సింది ప్లగ్ పాయింట్లు. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లు కుర్చీలు, మంచాలు ఎక్కడొస్తాయో గీసి, గోడకు గాడి కొట్టకముందే ఆ కాగితం ఎలక్ట్రీషియన్ చేతిలో పెట్టండి. ప్లాస్టరింగ్ అయ్యాక గుర్తొస్తే గోడ మళ్లీ పగలగొట్టాల్సి వస్తుంది.